రంగు చెప్పని జెండా

నేను ఒక కాలమ్‌ని. పేపర్లో వారం వారం వచ్చే శీర్షికను కాదు. కంప్యూటర్లో సమాచారం దాచిపెట్టే పట్టికలో ఒక నిలువు వరసను. నా తల మీద ఒక పేరుంటుంది, దాని కింద వేలకు వేలు గళ్లుంటాయి. ఒక్కో గడిలో ఒక్కో మనిషికి సంబంధించిన చిన్న ముక్క. ఆ ముక్కకు అర్థమేమిటో మనుషులు నా పేరు చూసే తెలుసుకోవాలి, వేరే దారి లేదు. నాకు నోరు లేదు. పేరొక్కటే ఉంది. ఆ పేరే నా కొంప ముంచింది.

నా పేరు ఫ్లాగ్. అంటే జెండా. పచ్చజెండానో ఎర్రజెండానో, రమ్మనేదో ఆగమనేదో పేరు పెట్టినవాడు చెప్పలేదు.

నేను పుట్టింది హన్మకొండలో, ఒక ట్రస్టు నడిపే బ్లడ్ బ్యాంకులో. ట్రస్టు పేరెందుకులెండి, మంచివాళ్లే. ఎవరికీ కీడు తలపెట్టినవాళ్లు కాదు. నా కథలో చెడ్డవాడంటూ ఒక్కడూ లేడు. నాకు ఒళ్లు మండేది కూడా అందుకే. ఒక్క దుర్మార్గుడున్నా వాడిని తిట్టుకుని ఊరుకునేదాన్ని.

అప్పుడు అక్కడ పెద్ద డాక్టరు అరుంధతి గారు. రక్తదాతల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని మహిపాల్ అనే ప్రోగ్రామర్‌ను పిలిపించారు. తెలివైనవాడు, చేతివేగం ఉన్నవాడు. కౌంటర్ దగ్గరి కంప్యూటర్ ముందు కూర్చుని మా పట్టికను కడుతుంటే, ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని ఏమేం కావాలో చెప్పారు. చివర్న నా ముచ్చట వచ్చింది.

"మహిపాల్, ఇది జాగ్రత్తగా విను. మన దాతల్లో కొందరిది చాలా అరుదైన రక్తం. వాళ్లను మామూలు క్యాంపులకు పిలిచి తీసుకుంటే ఆ రక్తం వాడేవాళ్లు లేక ఫ్రిజ్‌లోనే గడువు దాటిపోతుంది. మళ్లీ మూడు నెలల దాకా వాళ్లు ఇవ్వరాదు. సరిగ్గా అప్పుడే ఎవరికో ప్రాణం మీదికి వస్తుంది. అందుకని వాళ్లను ఊరికే పిలవొద్దు. కాని నిజంగా అవసరం పడ్డ రోజు మొట్టమొదటి ఫోన్ వాళ్లకే పోవాలె. అట్లాంటివాళ్ల పక్కన ఒక గుర్తు పెట్టు."

"ఒక ఫ్లాగ్ పెడ్త మేడం. ఎస్ అన్నట్టు వై అని కొడితే అరుదైనోళ్లు. ఖాళీగుంటే మామూలోళ్లు."

"రేపు చూసినవాళ్లకు అర్థమైతదా?"

"ఎందుకు కాదు మేడం. చిన్న ముచ్చటే."

కింద స్నేహితులు హారన్ కొడుతున్నారు. బిర్యానీ తినడానికి పోవాలి. అతను అప్పటికే కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. ఆ సగం లేచిన భంగిమలోనే నాకు నామకరణం జరిగింది. 'అత్యవసరానికి మాత్రమే' అని పెట్టి ఉంటే ఏం పోయేది? ఇంకో నాలుగు మీటలు నొక్కితే వేళ్లేం అరిగిపోతాయి? డాక్టరమ్మ అంత చక్కగా చెప్పిన అర్థమంతా ఆ గదిలో ఇద్దరి తలల్లోనే ఉండిపోయింది. నా తల మీద మాత్రం ఒక ఉత్త జెండా ఎగిరింది.

నా పక్కవాళ్ల గతి కూడా అంతే. ఒకదాని పేరు 'నేమ్', దాని పక్కది 'నేమ్1'. రెండోది తండ్రి పేరు కోసం. కొందరు అందులో ఇంటిపేరు నింపారు, కొందరు ముద్దుపేరు నింపారు, ఒకాయన భార్య పేరు రాయించాడు. ఇంకొకటి 'ఏజ్'. చేరిన రోజు వయసెంతో అందులో రాసి వదిలేశారు. పుట్టిన తేదీ అడిగినవాళ్లు లేరు. అందుకని మా పట్టికలో ఎవరూ ముసలివాళ్లు కారు. మనవలను ఎత్తుకున్నవాళ్లు కూడా మా దగ్గర నవయువకులే. 'పీహెచ్' అని ఒకటుంది. అది ఫోన్ నంబరు కోసం. అయితే కొన్ని ప్రభుత్వ దరఖాస్తుల్లో ఆ రెండక్షరాలకు వికలాంగుడా కాదా అని అర్థం. అప్పట్లో కౌంటర్‌లో కూర్చున్నాయన అలాగే అనుకుని కొన్ని నెలల పాటు అందరికీ 'నో' అని కొడుతూ పోయాడు. ఫోన్ నంబర్లు ఎక్కడ రాయాలో తెలియక, రాయడమే మానేశాడు.

ఆ రోజుల్లోనే ఓదెలు వచ్చాడు.

కందగట్ల ఓదెలు పరకాల డిపోలో బస్సు కండక్టరు. డిపోలో పెట్టిన క్యాంపులో రక్తమిచ్చాడు. సంచి మీద ఓ పాజిటివ్ అని రాసి ఉంది కాని, పరీక్షలో ఏదో తేడా కనిపించి అరుంధతి గారు అతన్ని మళ్లీ పిలిపించారు. కౌంటర్ పక్కనే నిలబెట్టి చెప్పారు.

"ఓదెలూ, నీది ఓ గ్రూపు కాదు. పైపై పరీక్షలో అట్ల కనబడుతుందంతే. దీన్ని బాంబే గ్రూపు అంటారు. చాలా తక్కువమందికి ఉంటది. అట్లాంటివాళ్లకు ఓ రక్తం ఎక్కించినా ప్రాణం మీదికొస్తది. మళ్లీ నీలాంటి మనిషి రక్తమే కావాలె."

ఓదెలు ముఖం పాలిపోయింది. "అంటే నాకేమన్న రోగమా మేడం?"

"రోగం కాదు. నువ్వు మంచిగుండాలె, అంతే. ఎప్పుడో ఒకనాడు మేమే పిలుస్తం. ఆ రోజు ఎన్ని పనులున్నా రావాలె."

"మీరు పిలుస్తే బస్సు నడిమిట్ల దిగి ఒస్త మేడం," అన్నాడు ఓదెలు. అతను మాట్లాడుతున్నప్పుడు నోట్లో జర్దా పాన్ ఉంది. డాక్టరమ్మ అటు చూసేసరికి సిగ్గుపడి బయటికి పోయి ఉమ్మి వచ్చాడు.

కౌంటర్‌లో కూర్చున్నాయన ఓదెలు వివరాలు కొట్టాడు. రక్తం గ్రూపుల వరసలో బాంబే అనేది లేదు కాబట్టి 'ఇతర' అని ఎంచాడు. ఫోన్ గడిలో అలవాటు ప్రకారం 'నో' కొట్టాడు. చివర్న నా గడిలో వై పడింది. ఆ రోజు నాకు నిజంగా గర్వంగా అనిపించింది. ఒక ప్రాణానికి తాళంచెవి లాంటి మనిషిని నా దగ్గర దాచిపెట్టారు కదా అని.

కొన్నాళ్లకు అరుంధతి గారు రిటైరై నిజామాబాద్‌లో ఉండే చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. మహిపాల్ ఎప్పుడో దుబాయి వెళ్లాడు. కౌంటరాయన ఉద్యోగం మారాడు. నా అర్థం తెలిసిన ముగ్గురూ వెళ్లిపోయారు. నేను మిగిలాను.

కౌంటర్‌లోకి రజియా వచ్చింది. పనంటే ప్రాణం పెట్టే మనిషి. వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, తర్వాతే వివరాలు అడిగేది. మేనేజరుగా లక్ష్మణాచారి గారు వచ్చారు. ఆయనా మంచి మనిషే. ఒకరోజు ఒక క్యాంపులో రక్తమిచ్చిన కొందరికి కామెర్లున్నాయని పరీక్షలో తేలింది. వాళ్లను ఇక పిలవకూడదు. ఆ సంగతి ఎక్కడ రాయాలా అని ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు.

"రజియా, ఈ ఫ్లాగ్ దాంట్ల వై ఉన్నోళ్లను మనం క్యాంపులకు పిలుస్తలేం గదా?"

"లేదు సార్. నేను రాకముందు సంది పిలుస్తలేరంట."

"అంటే పిలవద్దన్నోళ్లన్నట్టు. వీళ్లకు గూడ అదే కొట్టు. అయిపాయె."

అయిపోయింది, నిజమే. నేను అయిపోయాను. ఊరికే పిలవొద్దు, అవసరమైతే ముందు వీళ్లనే పిలవండి అన్న మాటలో ముందు సగం మిగిలి, వెనక సగం గాలికి పోయింది. ఆ రోజు నుంచి కామెర్లు వచ్చినవాళ్లకూ వై, బీపీ ఉన్నవాళ్లకూ వై, సూది చూసి కళ్లు తిరిగి పడిపోయినవాళ్లకూ వై. కౌంటర్ మీద గొడవ పెట్టుకున్న ఒక పెద్దమనిషికి కూడా వై పడింది. బీరువాలో పెట్టిన బంగారం గాజుల మీద చెత్తబుట్ట తెచ్చి కుమ్మరించినట్టయింది. కింద గాజులున్నాయర్రా అని అరవడానికి నోరు లేదు. ఉన్న ఒక్క మాటా ఫ్లాగ్. దాన్ని ఎంత గట్టిగా అరిచినా ఏం లాభం?

తర్వాత హైదరాబాద్ నుంచి నిఖిలేష్ అనే కుర్ర ప్రోగ్రామర్ ఫోన్లో పనిచేసే యాప్ తయారుచేశాడు. దాతల కోసం వెతికితే పేర్లు వెంటనే రావాలి. అతను ఫోన్లోనే అడిగాడు. "సార్, ఫ్లాగ్‌లో వై ఉంటే ఏంటి?" "పిలవద్దన్నోళ్లు," అన్నారు లక్ష్మణాచారి గారు. అతను ఆ పేర్లు వెతుకులాటలో అసలు కనబడకుండా చేసేశాడు. అడిగాడు పాపం, అడగలేదని అనలేను. కాని నా కడుపులోకి ఒక్కసారి తొంగిచూసి ఉంటే?

ఆనాటి నుంచి ఓదెలు కనబడకుండా పోయాడు. ఓదెలు ఒక్కడే కాదు, అరుంధతి గారు ఏరి ఏరి దాచిన ప్రతి మనిషీ మాయమయ్యాడు. ఎవరైనా వచ్చి ఏబీ నెగెటివ్ కావాలంటే తెర మీద 'దాతలు లేరు' అని వచ్చేది. రజియా బాధపడుతూ వేరే బ్లడ్ బ్యాంకుల నంబర్లు రాసిచ్చేది. ఆ చీటీలు పట్టుకుని పరుగెత్తేవాళ్ల చెప్పుల చప్పుడు మెట్ల మీద కిందిదాకా వినిపించేది.

ఇలా ఏళ్లు గడిచాక, పాత పట్టికలను శుభ్రం చేసి కొత్త చోటికి మార్చడానికి వాసంతి వచ్చింది. కరీంనగర్ అమ్మాయి, డేటాబేస్‌లు కట్టడమే ఆమె పని. ఆమె మొదటి రోజే ఒక వింత పని చేసింది. మా అందరి పేర్లూ ఒకటొకటిగా పైకి చదివింది. నా బతుకులో నన్ను పైకి చదివిన మొదటి మనిషి. చదివి, ప్రతి పేరుకూ ఇదేమిటని కనబడిన ప్రతివాళ్లనూ అడిగింది. 'పీహెచ్' దగ్గర ఆగి గట్టిగా నవ్వింది. 'ఏజ్' దగ్గర తల పట్టుకుంది. నా దగ్గరికి వచ్చింది.

"రజియా, ఈ ఫ్లాగ్ ఏంటిది?"

"అదా మేడం? కామెర్లు, జ్వరాలు ఉన్నోళ్లు."

వాసంతి మేనేజర్ గదిలోకి వెళ్లి అడిగింది. "మనం పిలవద్దని పెట్టుకున్నోళ్లమ్మా. కొందరు ఊకె కొట్లాటకొస్తరు," అన్నారు లక్ష్మణాచారి గారు. నిఖిలేష్‌కు ఫోన్ చేసింది. "ఇప్పుడు ఇవ్వనివాళ్లు మేడం, పాతవాళ్లు," అన్నాడతను.

వాసంతి కుర్చీలో వెనక్కి వాలింది. "ఒక పేరుకు ముగ్గురు మూడు అర్థాలు చెప్పిన్రంటే ఆ పేరు చెడ్డదన్నట్టే," అంది రజియాతో. "దీనిలోపల ఏదో కలగాపులగమైంది. రేపు చూద్దాం."

రేపు! ఇన్నేళ్లు ఆగాను, ఇంకొక్క పూట ఆగలేనా అనుకున్నాను. ఆ రేపు పొద్దున్నే శ్రీధర్ వచ్చాడు.

చిప్ప శ్రీధర్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. చేతిలో ఆసుపత్రి చీటీ ఉంది. భార్య రజితకు నెలలు నిండవస్తున్నాయి. మాయ కిందికి జారి ఉండడంతో రక్తం పోతూ ఉంది. సాయంత్రంలోగా ఆపరేషన్ చేసి బిడ్డను తీయకపోతే ఇద్దరికీ ప్రమాదమన్నారు. రక్తం చేతిలో లేకుండా ఆపరేషన్ మొదలుపెట్టలేమన్నారు. ఓ గ్రూపు సంచులు ఎన్ని కలిపి చూసినా ఒక్కటీ కలవలేదు. చివరికి తేలింది, ఆమెది బాంబే గ్రూపు.

"అక్కా, గీ రక్తం ఏడ దొరుకుతదో చెప్పున్రి. నేను ఏడికన్న పోత," అన్నాడు రజియాతో.

రజియా యాప్‌లో వెతికింది. దాతలు లేరు. ఇంకోసారి వెతికింది. లేరు. హైదరాబాద్‌కు ఫోన్ చేసింది. మహారాష్ట్రలో ఒక దాత ఉన్నాడని, అతని దగ్గర తీసుకున్న సంచి విమానంలో రావడానికి రేపు అవుతుందని వాళ్లన్నారు. శ్రీధర్ కౌంటర్ అంచు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుండిపోయాడు.

నా పరిస్థితి మీకెలా చెప్పాలి? ఓదెలు నా గడిలోనే ఉన్నాడు. పరకాల ఎంత దూరం? హన్మకొండ చౌరస్తాలో బస్సెక్కితే కునుకు తీసేలోపే వస్తుంది. ఉన్నాడమ్మా, ఉన్నాడు, ఇక్కడే ఉన్నాడు అని నా గళ్లన్నీ గింజుకున్నాయి. తెర మీద మాత్రం 'దాతలు లేరు' అనే అక్షరాలు నింపాదిగా వెలుగుతున్నాయి.

పక్క బల్ల దగ్గర వాసంతి తల ఎత్తింది. శ్రీధర్‌ను చూసింది. మళ్లీ తెర వైపు తిరిగింది. నన్ను తెరిచింది.

వై ఉన్నవాళ్లందరినీ చేరిన వరసలో పేర్చింది. పేరుకు కాకుండా పేరు కింద ఉన్న మనుషులకు విలువిచ్చిన మొదటి మనిషి ఆమే. మొదటి పేజీ చూసింది, చివరి పేజీ చూసింది, మళ్లీ మొదటి పేజీకి వచ్చింది.

"రజియా, ఇటు రా. మొదట్ల వై పెట్టినోళ్లందరి గ్రూపు చూడు."

రజియా వంగి చదివింది. "ఏబీ నెగెటివ్... బీ నెగెటివ్... ఏ నెగెటివ్... అన్నీ నెగెటివ్‌లే మేడం."

"తర్వాత పెట్టినోళ్లలో అన్ని గ్రూపులూ ఉన్నయి. కామెర్లు గ్రూపు చూసుకొని వస్తయా? మొదట్ల ఈ గుర్తు రోగమున్నోళ్లకు కాదు రజియా. దొరకని రక్తం ఉన్నోళ్లకు. వాళ్లనే మనం దాచిపెట్టి లేరు లేరంటున్నం."

రజియా చెయ్యి నోటి మీదికి వెళ్లింది. వాసంతి వేలు కిందికి జరిగి ఒక వరస దగ్గర ఆగింది. "ఇదొక్కటి నెగెటివ్ కాదు. ఇతర అని ఉంది. ఇతర అంటే ఏంటి?"

రజియాకు తెలియదు, ఈ పట్టిక రాయించిన పాత డాక్టరమ్మనే అడగాలంది. వాసంతి అప్పుడే అరుంధతి గారి నంబరు సంపాదించి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది. సంగతంతా చెప్పింది.

"ఓదెలు," అన్నారు ఆవిడ. "కండక్టర్ ఓదెలు. బాంబే గ్రూపు. వాళ్లందరిని నేను దాచిపెట్టి పోయిన గదమ్మా. మీరు మాయం జేసిన్రా?"

దానికి జవాబు చెప్పుకునే టైము లేదు.

ఓదెలు ఫోన్ గడిలో 'నో' అని ఉంది. నిన్న నవ్విన వాసంతికి ఇవాళ నవ్వు రాలేదు. చిరునామాలో 'ఆర్టీసీ పరకాల' అని మాత్రం ఉంది. రజియా డిపోకు ఫోన్ కలిపింది. అవతల ఎవరో తాపీగా అన్నారు. "ఓదెలా? భూపాలపల్లి బస్సుల పోయిండు. ఏం పనమ్మా?"

"ఒక తల్లి పానం పోతాంది సార్. ఆయన రక్తమే గావాలె. జెర ఆయన నంబరియ్యున్రి," అంది రజియా. అవతలి గొంతులో తాపీతనం పోయింది.

ఓదెలు ఫోన్ ఎత్తేసరికి వెనక ఇంజను మోత, టికెట్ టికెట్ అని తన గొంతే. రజియా బ్లడ్ బ్యాంకు పేరు చెప్పగానే ఆ టికెట్ల కేక ఆగింది.

"పిలిచిన్రా?" అన్నాడు. "నేను మర్చిపోయిన్రనుకున్న."

అతను బస్సు నడిమిట్లోనే దిగాడు. టికెట్ మిషను డ్రైవరుకు అప్పజెప్పి, ఎదురుగా వచ్చే బొగ్గు లారీని ఆపి ఎక్కాడు. తర్వాత ఇంకో బండి. ఖాకీ బట్టల మీదే, ఒళ్లంతా నల్లటి దుమ్ముతో మెట్లెక్కి వచ్చాడు. జుట్టు నెరిసింది. మా పట్టికలో మాత్రం ఇంకా చేరిన రోజు వయసే. శ్రీధర్ లేచి అతని రెండు చేతులు పట్టుకున్నాడు. ఆ చేతుల మీద తల ఆనించి ఏడ్చేశాడు.

"ఏడ్వకు తమ్మీ," అన్నాడు ఓదెలు. "డాక్టరమ్మ చెప్పిన్నాటి సంది జర్దా ముట్టలె. మందు ముట్టలె. మా ఆమె నవ్వేది, నీ రక్తం ఎవలిగ్గావాలె అని. పండుగలకు అందరు తాగుతుంటె నేను సోడా తాగిన. ఎన్నిసార్లో అనుకున్న, ఇగ పిలువరు, ఎందుకీ ఉపాసం అని. ఎందుకో మనసొప్పలె."

సూది గుచ్చి పడుకోబెట్టాక, పక్కన కూర్చున్న వాసంతిని అడిగాడు. "మేడం, మీ కంప్యూటర్ల నా పేరు పక్కకు ఏం రాసిన్రు?"

"వై అని రాసినం అన్నా."

"వై అంటే?"

వాసంతి తల తిప్పుకుంది.

పరీక్షలు అయ్యి, సంచి ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలుతోంది. చీకటి పడకముందే ఫోన్ వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. రజితకు ఇంకా ప్రమాదం తప్పలేదు, కాని ఆపరేషన్‌ను తట్టుకోగలిగింది. మర్నాడు విమానంలో వచ్చిన సంచి కూడా ఎక్కించాక డాక్టర్లు ఇక భయం లేదన్నారు. కౌంటర్ దగ్గర అందరూ ఒకరికొకరు స్వీట్లు పంచుకున్నారు. లక్ష్మణాచారి గారు వాసంతిని పొగిడారు.

రజియా మాత్రం స్వీటు ముట్టుకోలేదు. తెర ముందు కూర్చుని, రక్తం కోసం వచ్చిన పాత విన్నపాలు తిరగేస్తోంది. లేరు అని చెప్పి పంపించిన ప్రతి పేరునూ తీసి, నా గడిలో దాగినవాళ్లతో పోల్చి చూస్తోంది. ఒకచోట ఆగిపోయింది.

"వాసంతి మేడం, నిరుడు గీసుగొండ నుంచి ఒకామె వచ్చింది. ఆమె పెనిమిటికి యాక్సిడెంటైంది. ఏబీ నెగెటివ్ గావాలన్నది. లేరని నేనే చెప్పిన. నేనే చీటీ రాసిచ్చిన." ఆమె తెర మీద వేలు పెట్టింది. "ఇగో, గీ ఇద్దరు ఉన్నరు. ఒకాయనది ఈ గల్లీనే. ఆయన బతుకలె మేడం. తర్వాత పేపర్ల చూసిన."

లక్ష్మణాచారి గారు స్వీటు డబ్బా మూత పెట్టారు. "రక్తం దొరికినా బతుకుతుండెనో లేదో. ఇప్పుడు పోయి చెప్పి ఏం లాభం రజియా? పుండు రేపినట్టయితది."

"ఆమె ఇప్పటికి గూడ తానే తొందరగ తిరుగలేకపోయిన అనుకుంటుండొచ్చు సార్," అంది రజియా. "ఆనాడు మెట్లు దిగుకుంట, నేనే ఆలిస్యం జేసిన అనుకుంట పోయింది."

ఆదివారం రజియా గీసుగొండ వెళ్లింది. వాసంతి తోడు వెళ్లింది. సోమవారం వచ్చి కౌంటర్‌లో కూర్చున్నాక లక్ష్మణాచారి గారు మెల్లగా వచ్చి నిలబడ్డారు. ఏమందని అడగడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. రజియానే చెప్పింది.

"తిట్టింది సార్. వాకిట్ల నిలబెట్టి తిట్టింది. మీకు పేర్లు గూడ సక్కగ రాసుకునుడు రాదా అన్నది. తర్వాత లోపలికి రమ్మన్నది. చాయ్ పెట్టింది. నేను ఉరికింది ఆలిస్యం కాదా అయితే అని అడిగింది. కాదమ్మా, నీ తప్పు ఇసుమంత లేదని చెప్పిన. అప్పుడు ఏడ్చింది."

లక్ష్మణాచారి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. గదిలోకి వెళ్లి కాసేపటికి తిరిగొచ్చి, "వాసంతమ్మా, నీకు ఎంత టైం కావాలంటే అంత దీస్కో," అన్నారు. "ఒక్కొక్కటి అందరిని అడిగే పేరు పెట్టు."

ఆ తర్వాత రోజులు నా జీవితంలో అన్నిటికన్నా మంచివి, అన్నిటికన్నా కష్టమైనవి కూడా. వాసంతీ రజియా కలిసి నా గళ్లను ఒక్కొక్కటిగా ఖాళీ చేశారు. ప్రతి వై దగ్గర ఆగారు. ప్రతి మనిషికీ ఫోన్ చేశారు. ఫోన్ లేనివాళ్ల ఇళ్లకు పోయారు. అరుదైన రక్తం ఉన్నవాళ్లు 'అత్యవసరానికి మాత్రమే' అనే కొత్త ఇంటికి వెళ్లారు. పిలవకూడనివాళ్లు 'ఇవ్వలేని కారణం' అనే ఇంకో ఇంటికి వెళ్లారు. అక్కడ కారణం కూడా రాయాలి, ఉత్త వై చెల్లదు. కొట్లాట పెట్టుకున్న పెద్దమనిషిని ఏ ఇంటికి పంపాలో కాసేపు తర్జనభర్జన పడి, చివరికి మామూలు దాతల్లో కలిపారు. ఫోన్ చేస్తే ఆయన ఆనందంగా వస్తానన్నాడట. ఇన్నేళ్లూ తనను ఎందుకు పిలవట్లేదా అని ఆయనా బెంగపడుతున్నాడు.

నా పనైపోయిందని అర్థమైంది. లక్ష్మణాచారి గారు ఒక్కసారి అడ్డుపడ్డారు. "తీసెయ్యకుంటే ఏమైతదమ్మా? ఎందుకన్న మంచిది, ఫ్లాగ్ పాతది అని పేరు మార్చి పక్కకు పెట్టరాదు?"

"సార్, ఉంటే మళ్లీ ఎవరో ఒకరు దాన్ని నింపుతరు," అంది వాసంతి. ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఆమె చెప్పింది నిజం. ఖాళీ గడి కనబడితే మనిషి చెయ్యి ఊరుకోదు.

నన్ను తీసేసే రోజున ఓదెలు వచ్చాడు, తన ఫోన్ నంబరు సరిగ్గా ఎక్కిందో లేదో స్వయంగా చూసుకోవడానికి. తెర మీద నంబరు ఒక్కో అంకె వేలు పెట్టి చదువుకున్నాడు. అప్పుడే శ్రీధర్, రజిత కూడా వచ్చారు. రజిత ఇంకా నీరసంగా ఉంది, గోడ పట్టుకుని మెట్లెక్కింది. శ్రీధర్ చేతుల్లో పాప. పాపను తొట్టెల్లో వేసి పేరు పెడుతున్నాం, అందరూ రావాలని పిలవడానికి వచ్చారు.

"అన్నా, పాపకు పేరు నువ్వే పెట్టాలె," అంది రజిత ఓదెలుతో. "మా ఆడిబిడ్డ ఒకటి చూసింది. ధ్రువిన్య అని. నీకు మంచిగనిపిస్తే అదే పెడ్దాం."

ఓదెలు పాపను ఎత్తుకున్నాడు. బస్సులో చిల్లర లెక్కబెట్టే చేతిని పాప తల కింద ఆసరాగా పెట్టాడు. "ఏమంటివి? మళ్లొకసారి చెప్పు."

"ధ్రువిన్య."

"అంటే ఏందమ్మా?"

రజిత శ్రీధర్ వైపు చూసింది. శ్రీధర్ తల గోక్కున్నాడు. "ఏమో అన్నా. ఫోన్ల చూసినం. పిలువనీకె మంచిగున్నదని."

వాసంతి పెదవి కొరుక్కుంది. రజియా తల దించుకుని కాగితాలు సర్దింది. ఓదెలు మాత్రం నవ్వలేదు. పాప ముఖంలోకి చాలాసేపు చూశాడు. రక్తమిచ్చేటప్పుడు కూడా అంత కష్టపడలేదు అతను. నుదుటి మీద చెమట పట్టింది. ఇన్నేళ్లలో నేను చూసిన మనుషుల్లో, ఒక పేరు గురించి అంతసేపు ఆలోచించిన మనిషి ఇంకొకరు లేరు.

"వెన్నెల," అన్నాడు చివరికి.

కాసేపయ్యాక వాళ్లంతా మెట్లు దిగి వెళ్లారు. వాసంతి మీట నొక్కింది. పట్టికలోంచి నా వరస పోయింది. దానికి ముందు తీసిన నకలు ఒకటి చిన్న డిస్కులో మేనేజర్ గది స్టీలు బీరువాలో ఉంది. నేనిప్పుడు అందులో ఉన్నాను. చీకటిగా ఉంటుంది, ఎవరూ తెరవరు. తెరవాల్సిన పని కూడా లేదు. కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. గీసుగొండ ఆమె గుర్తొచ్చినప్పుడల్లా మళ్లీ రగులుతుంది.

కాని ఆ పూట ఓదెలు ఆ పేరు చెప్పినప్పుడు కౌంటర్ దగ్గర ఉన్న అందరి ముఖాలూ నేను చూశాను. రజిత నవ్వింది. శ్రీధర్ తలూపాడు. వాసంతి పాప చెంప ముట్టుకుంది. ఆ పేరుకు అర్థమేమిటని ఒక్కరూ అడగలేదు.